నరసన్నపేట పెరటి అశోకం, దారి పొడవునా నరమామిడి

మా విజయనగరంలో కల్యాణ మండపాల గోడల పక్కన, కాలేజీల ప్రహరీల వెంట, కొలత తీసి నాటినట్టు నిటారుగా నిలబడిన చెట్లుంటాయి. వాటిని అందరూ అశోక చెట్లనే అంటారు. అవి నరమామిడి చెట్లు, అసలు అశోకం వేరే ఉంది అని నేను కనబడిన ప్రతివాళ్ళకీ చెబుతుంటాను. ఒక్కరూ వినరు. మా ఆయనైతే, "నీకు చెట్టు కనిపిస్తే పాఠం మొదలు. ముందు ఆ పాలు పొంగకుండా చూడు," అంటారు. హుద్‌హుద్ తుఫానుకి ఊళ్ళో సగం చెట్లు కూలిపోయాక ఖాళీ అయిన గుంతల్లో మళ్ళీ అవే తెచ్చి నాటారు. నాటిన కుర్రాణ్ణి పట్టుకుని "ఇదేం మొక్క బాబూ?" అని అడిగితే "అశోకమండీ" అన్నాడు. ఇంటికొచ్చి ఆ కోపమంతా పప్పుగుత్తి మీద చూపించాను.

నిజం చెప్పొద్దూ, ఇంత వాదించే నేను అసలు అశోకం పూస్తుండగా ఎన్నడూ చూడలేదు. ఆ తుఫాను తర్వాత వచ్చిన రెండో వేసవిలో చూసే అవకాశం వచ్చింది, అదీ మా రాజ్యం వదిన పుణ్యాన. మా అన్నయ్య భార్య. కొన్ని నెలలుగా నెలసరి ఇబ్బందితో నీరసించిపోయింది. డాక్టరమ్మ స్కాన్ తీయించుకోమంటే భయపడి, అశోక బెరడు కషాయం తాగితే తగ్గుతుందని ఎవరో చెబితే దాన్నే పట్టుకుంది. కొట్లో కొన్న పొడి ఏ చెట్టుదో దేవుడికే తెలియాలి. అశోకం పేరుతో నరమామిడి బెరడు కలిపి అమ్మేవాళ్ళకు కొదవ లేదు. వదిన పక్కింటావిడ పుట్టిల్లు నరసన్నపేట. అక్కడ ఒక కోమట్ల ఇంటి పెరట్లో అసలు అశోకం ఉందనీ, అడిగినవాళ్ళకు బెరడు ఊరికే ఇస్తారనీ ఆవిడ చెప్పింది. "నువ్వెలాగూ చెట్ల పిచ్చిదానివి కదా, వెళ్ళి తెచ్చిపెట్టు," అని వదిన నా చేతిలో స్టీలు డబ్బా పెట్టింది. పిచ్చికి పని దొరికింది.

ఏప్రిల్ మొదటి ఆదివారం పొద్దున్నే విజయనగరంలో పాసింజరు ఎక్కాను. మీరూ వెళ్ళాలనుకుంటే ఎక్స్‌ప్రెస్ కోసం చూడకండి. పాసింజరు టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే, అన్ని స్టేషన్లలో ఆగుతుంది కాబట్టి చెట్లు చూసుకుంటూ వెళ్ళవచ్చు. ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చుంటే పొద్దుటెండ తగలదు. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటే దాకా ప్రతి బడి ప్రహరీ మీదుగా నరమామిడి తలలు కనిపిస్తూనే ఉన్నాయి. చాలామంది దానికి పువ్వే రాదనుకుంటారు. వస్తుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే, లేతాకుపచ్చ రంగులో, నక్షత్రాల్లాంటి సన్నటి పువ్వులు కొమ్మల నిండా పూస్తాయి. ఆకుల రంగులో కలిసిపోయి కనపడవు, అంతే. తర్వాత నల్లద్రాక్ష లాంటి కాయలు గుత్తులుగా కాస్తే గబ్బిలాలూ కోకిలలూ వచ్చి తింటాయి. నేను దాని పేరు గురించి దెబ్బలాడతానే గానీ, దాని మీద నాకు కక్షేమీ లేదు.

పొందూరు దాటాక నాగావళి వచ్చింది. ఇసుక ఎక్కువ, నీళ్ళు తక్కువ. వంతెన దాటగానే ఆమదాలవలస. స్టేషను బోర్డు మీద మాత్రం శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, కంగారు పడకండి. బయట బండి మీద ఇడ్లీ తిన్నాను. పల్లీ చట్నీలో కారం దంచి కొట్టింది. బండి వెనక వరసగా నాలుగు నరమామిడి చెట్లు. ఇడ్లీలు వడ్డిస్తున్నావిడ మాత్రం పాత చీరను కర్రలకు కట్టి నీడ చేసుకుంది.

"ఇన్ని చెట్లున్నాయి కదా, వాటి కింద పెట్టుకోకూడదా బండి?" అన్నాను.

"ఏటి నీడమ్మా అది! ఎదుగుతాదే గాని ఒక మనిసికి సాలదు. మా ముసలోడు నాటినాడు, అశోకమని సెప్పి."

నేను నోరు తెరవబోయాను. ఆవిడ నా ముఖం చూసి, "ఇంకో రెండిడ్లీలు ఎయ్యమంటావేటి?" అంది. వేయించుకున్నాను. పాఠం వాయిదా పడింది.

అక్కడి నుంచి శ్రీకాకుళానికి బస్సులూ షేర్ ఆటోలూ ఎప్పుడూ ఉంటాయి. నేను ఆటో ఎక్కాను. డ్రైవరు పక్కన కూర్చుంటే దారంతా కబుర్లు ఉచితం. నరసన్నపేట వెళ్తున్నానని చెప్పాను. "పేటలో ఏటి పనమ్మా, బంగారం కొనడానికేటి?" అని అడిగాడు. చెట్టు చూడ్డానికి అన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత, "సెట్టుకోసం ఎల్తన్నావా? మా ఊళ్ళో కూడా ఉన్నాయమ్మా సెట్లు, దగ్గరే," అన్నాడు. వెనక కూర్చున్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. శ్రీకాకుళం కాంప్లెక్సులో నరసన్నపేట బస్సు పట్టుకుంటే ముప్పావు గంట ప్రయాణం. మడపాం దగ్గర వంశధార మీద వంతెన దాటుతుంటే గాలి చల్లగా తగిలింది. రెండు పక్కలా కోత అయిపోయిన చేలు, అక్కడక్కడా పెసర చేలు. ఎండ ముదరకముందే నరసన్నపేటలో దిగాను.

ఆదివారమైనా బజారు కిటకిటలాడుతోంది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పెళ్ళి బట్టలైనా, పొలానికి తాడైనా ఇక్కడే కొనాలి. పక్కింటావిడ చెప్పిన గుర్తుల ప్రకారం తాళ్ళూ, గోనె సంచులూ, నూనె డబ్బాలూ అమ్మే కొట్టు దగ్గర ఆగి, "అశోక చెట్టున్న ఇల్లు ఇదేనా?" అన్నాను. గల్లాపెట్టె దగ్గరున్నాయన తల కూడా ఎత్తకుండా లోపలికి కేకేశాడు. "అమ్మా! బెరడు కోసం వచ్చినారు."

పొడవాటి ఇల్లు. ముందు కొట్టు, మధ్యలో సరుకు గది, తర్వాత వంటిల్లు, ఆ వెనక పెరడు. లోపల నుంచి వచ్చిన పెద్దావిడ పేరు సుభద్రమ్మ. కొట్లో ఉన్నాయన ఆవిడ కొడుకు. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. నా చేతిలోని డబ్బా చూసింది గానీ ఎందుకని అడగలేదు. "నీళ్ళు తెచ్చుకున్నావా అమ్మా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. "ఇంటి కాడి నుంచి సెంబుడు నీళ్ళు తెచ్చి సెట్టు మొదట్లో పొయ్యాల. అప్పుడు బెరడు అడగాల. పోనీలే, ఎరగవు గదా. మా నూతి నీళ్ళు పొయ్యి," అని ఒక చెంబు అందించింది. పక్కనే గూట్లో చిన్న కత్తి ఉంది. అది కూడా తీసింది.

పెరటి తలుపు తీయగానే నేను ఆగిపోయాను. ఎత్తు పెద్దగా లేదు. గుబురుగా, ముదురాకుపచ్చగా, కింద చీకటి పడ్డట్టు నీడ. కొమ్మ చివర్లలోనే కాదు, ముదిరిన కొమ్మల మీద, మాను మీద కూడా గుత్తులు గుత్తులుగా పువ్వులు. కొత్తగా విచ్చినవి పసుపు, నిన్నటివి నారింజ, ఇంకా పాతవి ఎరుపు. కుంకుమా పసుపూ ఒకే పళ్ళెంలో పెట్టినట్టుంది. లేతాకులు రాగి రంగులో, ఇంకా ప్రాణం రానట్టు మెత్తగా వేలాడుతున్నాయి. ఇన్నాళ్ళూ బొమ్మల్లో చూసినదాని కోసం ఇన్ని పోట్లాటలు పెట్టుకున్నాను. ఎదురుగా చూస్తే కళ్ళలో నీళ్ళొచ్చాయి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, అంత బాగుంది.

చెంబుతో దగ్గరికి వెళ్ళాక మాను చూశాను. నడుము ఎత్తులో చుట్టూతా అరచేయంత ముక్కలు ముక్కలుగా బెరడు లేచిపోయి ఉంది. కొన్ని చోట్ల కర్ర ఎండి నల్లబడింది. ఒక గాయం పక్కన ఇంకో గాయం, దాని పక్కన ఇంకొకటి. అలా మానంతా చుట్టి వచ్చేశాయి. గోడ వైపు మాత్రం నాలుగు వేళ్ళ వెడల్పున ఒక పట్టీ మిగిలింది, పైనుంచి కిందికి.

"ఇదేమిటి పిన్నిగారూ, ఇలా చుట్టూ తీశారు?"

"పుండు మీద కత్తి పెట్టకూడదు అనీది మా అత్తమ్మ. ఎప్పుడు తీసినా కొత్త సోటే తియ్యాల. దానికి మాత్రం నొప్పి ఉండదేటి?"

సుభద్రమ్మ అత్తగారిది పర్లాకిమిడి. కాపురానికొచ్చినప్పుడు పుట్టింటి నుంచి ఈ మొక్క తెచ్చి నాటిందట. పోతూ పోతూ కోడలితో రెండు మాటలు చెప్పింది. మందు అడిగినవాళ్ళకు లేదనకూడదు, మందు అమ్మకూడదు. సుభద్రమ్మ ఆ రెండూ తప్పలేదు. జలుమూరు నుంచి, పోలాకి నుంచి, టెక్కలి అవతల నుంచి కూడా మనుషులు వస్తారు. అందరికీ ఇచ్చింది. చెట్టుకు నొప్పి కలగకూడదని ప్రతిసారీ కొత్త చోట తీయించింది. ఒకే వైపు, గాయం మీదే గాయం చేసి ఉంటే చెట్టుకు ఇంత ప్రమాదం లేకపోయేది. జాలిపడి చుట్టూ తిప్పడంతో ఉరి బిగిసింది.

ఇక్కడ నా పాఠం మొదలైంది. ఈసారి ఆపేవాళ్ళు లేరు. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళకు దిగేది బెరడు గుండానే, ఆ చివరి పట్టీ కూడా పోతే వేళ్ళు మాడి చెట్టు చచ్చిపోతుంది అని చెప్పాను. ప్రపంచంలో ఏ చెట్టు ఏ స్థితిలో ఉందో చూసే ఎర్ర జాబితాలో ఇది ముప్పున్న వాటి కింద ఉందనీ, అడవులు పోవడం ఒక కారణమైతే బెరడు కోసం ఒలిచెయ్యడం ఇంకో కారణమనీ చెప్పాను. ఊరంతా అశోకమని పిలిచే నరమామిడికి ఏ ముప్పూ లేదు, ఏ నర్సరీలో అడిగినా దొరుకుతుంది, దాన్ని తీసుకొచ్చి నాటినవాళ్ళు అశోకం నాటామని తృప్తిపడతారు, అందుకే అసలుది తగ్గిపోతున్నా ఎవరికీ తెలియడం లేదు అని కూడా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది.

"నాకు తెలీదనుకుంతన్నావా అమ్మా?" అంది చివరికి. "రెండేళ్ళ నుంచి పైన కొమ్మలు ఎండుతున్నాయి. ఎండిపోతే కొట్టేసి గోడౌన్ ఏద్దామని మావోడు కాసుకు కూకున్నాడు. నానేటి సెయ్యగలను? ఒకావిడ నొప్పని ఏడుస్తూ వస్తాది. లేదనమంటావా? అత్తమ్మ మాట దాటమంటావా?"

ఆవిడ నన్ను గోడ వైపు కొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి ఒక గుత్తి పైకెత్తి చూపించింది. ఎండిన పువ్వుల మధ్య చిటికెన వేలంత, చదునుగా, ఎర్రటి లేత కాయలు. "ఇన్నేళ్ళూ పూసి రాలిపోవడమే. ఈ ఏడే పిందె నిలబడినాది. వానల దాకా బతికితే గింజలొస్తాయి. గింజొస్తే ఇంకో నాలుగు సెట్లు లేస్తాయి." ఆవిడకు కావలసింది అదొక్కటే అని నాకు అప్పుడు తెలిసింది.

నేను చెంబులో నీళ్ళు మొదట్లో పోసి, డబ్బా సంచిలో పడేశాను. "నాకు బెరడు వద్దు పిన్నిగారూ. మా వదినను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను," అన్నాను. సుభద్రమ్మ కత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ముఖం చూస్తే, ఈ ఒక్కర్తీ మానేస్తే ఏమవుతుంది, రేపు ఇంకొకరు రారా అన్నట్టుంది.

రేపటి దాకా ఎందుకు? అరగంట కాకముందే కొట్లోంచి మళ్ళీ కేక వినిపించింది. "అమ్మా! బెరడు."

వచ్చినాయన రైతు. తలకు తువ్వాలు, చేతిలో మూతికి గుడ్డ కట్టిన ఇత్తడి చెంబు. కోమర్తి అవతల ఏదో పల్లె. ఇంటి నూతి నీళ్ళు బస్సులో ఒలక్కుండా తెచ్చుకున్నాడు. కోడలికట. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో చూపిస్తున్నారు, మందులు వాడుతున్నారు, దాంతోపాటు ఇది కూడా ఇస్తే మంచిదని ఇంట్లో ఆడవాళ్ళు పంపారు. మర్యాదస్తుడు. చెప్పులు పెరటి గుమ్మం బయటే విప్పాడు.

సుభద్రమ్మ లేచింది. కత్తి చేతిలోనే ఉంది. మానుకేసి చూసింది, గోడ వైపు మిగిలిన ఆ పట్టీకేసి చూసింది. నోరు విప్పుదామంటే, ఇల్లు ఆవిడది, మాట ఆవిడ అత్తగారిది. మధ్యలో నేనెవర్ని?

"ఏటనుకోకు బావూ," అంది ఆవిడ. కత్తిని కొంగు చాటుకు తీసుకుంది. "సెట్టు కడుపుతో ఉన్నాది."

రైతు అడుగు ముందుకు వేసినవాడు అక్కడే ఆగిపోయాడు. ఆవిడ కొమ్మ వంచి పిందెలు చూపించింది. ఆయన వంగి చూశాడు, ముట్టుకోకుండా. తలమీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"ఓలమ్మ! ఎరక్క వచ్చినాను. కడుపుతో ఉన్నదాని మీద కత్తి పెడితే పాపం కాదేటి? మా కోడలు కడుపుతో ఉన్నన్నాళ్ళూ మావోణ్ణి కొమ్మ కూడా కొట్టనివ్వలేదు, ఇక్కడ కడుపుతో ఉన్నది సెట్టే గదా." తర్వాత ఎంతో శ్రద్ధగా అడిగాడు. "ఎన్నో నెల?"

సుభద్రమ్మకు ఆ ప్రశ్న అనుకోనిది. నా వైపు చూసింది. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, పూసిన నాటి నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టాను.

"మూడో నెల," అన్నాను.

"అయితే ఇంకా జాగరతగా సూసుకోవాల," అన్నాడు ఆయన. తెచ్చిన నీళ్ళన్నీ మొదట్లో, వేరు వేరుకూ అందేలా చుట్టూ తిరిగి పోశాడు. ఖాళీ చెంబు చంకలో పెట్టుకుని, "కాయ ముదిరినాక ఒక గింజ ఇప్పించండమ్మా. మా కల్లం కాడ ఏసుకుంతాం," అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆయనను పిలిచి నాలుగు అరటిపళ్ళు కోడలికని ఇచ్చి పంపింది.

ఆయన వెళ్ళాక సుభద్రమ్మ నూతి గట్టు మీద కూలబడింది. కాసేపు నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. "అత్తమ్మ మాట తప్పినానా అమ్మా?" అని అడిగింది.

"మందు లేదని మీరు అనలేదు కదా పిన్నిగారూ."

ఆలోచించింది. "అన్లేదు," అంది. లేచి కత్తిని తీసుకెళ్ళి వంటింట్లో కూరగాయల పీట పక్కన పెట్టేసింది. అప్పుడు ఇద్దరం పనస కూరతో భోంచేశాం. మూడు గంటల బస్సుకు నేను బయల్దేరాను.

ఖాళీ డబ్బా చూసి వదినకు కోపం వచ్చింది. ఆ కోపం చల్లారేలోపే స్కానింగుకు తీసుకెళ్ళాను. అనుకున్నంత పెద్ద జబ్బేమీ కాదు, మాత్రలతో నయమవుతోంది. నేను దారిలో ఇప్పటికీ నరమామిడి చెట్లను చూస్తూనే ఉన్నాను. వాటి పేరు మీద పోట్లాడటం మాత్రం కొంచెం తగ్గించాను. అశోకాన్ని చంపుతున్నది పేరు తెలియనివాళ్ళే అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. ఆ పెరట్లో దాని పేరూ గుణమూ తెలిసినవాళ్ళే, దాన్ని గౌరవించేవాళ్ళే, అరచేయి అరచేయి చొప్పున ప్రాణం మీదికి తెచ్చారు. నా ఎర్ర జాబితా కబురు విన్నాక కూడా సుభద్రమ్మ చేతిలో కత్తి అలాగే ఉంది. ఆ చెట్టును ఇంట్లో ఆడపడుచులా చూడగలిగాకే ఆవిడకు వద్దని చెప్పే దారి దొరికింది, ఆ రైతుకు వెనక్కి తిరిగే దారి దొరికింది. వానలు తగ్గాక ఆవిడ కొట్టు నంబరు నుంచి ఫోను చేసింది. మాను గోడ వైపు పట్టీ అలాగే ఉందట. ఏడు గింజలు మొలిచాయట. అందులో ఒకటి కల్లం దగ్గరికి వెళ్ళిపోయిందట.

మీరు చూడాలనుకుంటే ఫాల్గుణం నుంచి చైత్రం దాకా మంచి సమయం, పొద్దున్నే చేరితే వాసన కూడా తెలుస్తుంది. ఇంటి గుర్తులు మాత్రం ఇంతకంటే రాయను. వెతుక్కుని వెళ్ళగలిగితే ఇంటి నుంచి ఒక చెంబుడు నీళ్ళు పట్టుకెళ్ళండి. మీరక్కడ ఉండగా ఎవరైనా బెరడు కోసం వచ్చి ఎన్నో నెల అని అడిగితే, మూడో నెల అని చెప్పండి. ఏ నెలలో అడిగినా సరే, మూడో నెలే.